మైదుకూరు జర్మనీ లెన్సు

నిన్న పొద్దున కూడా ఒక కుర్రవాడు ఫోన్ చేశాడు. నంద్యాల దగ్గర పెళ్లిళ్లకు ఫోటోలు తీస్తాడట. పాత సినిమా హాలు పడగొడుతుంటే ఇత్తడి లెన్సు ఒకటి దొరికిందట. "ఫోటో పంపినా అంకుల్, చూసి ఏమాత్రం చేస్తాదో చెప్పండి" అన్నాడు. చూశాను. లెన్సు కనపడలేదు. దాన్ని పట్టుకున్న వేళ్లు, వేలికి ఉంగరం, వెనకాల మోటారు సైకిలు మాత్రం దివ్యంగా కనపడ్డాయి. "నాయనా, ఉంగరం బంగారమే అనిపిస్తోంది, లెన్సు సంగతి తెలియలేదు, మళ్లీ పంపు" అన్నాను. నవ్వలేదు. ఈ తరంతో నాకున్న ఇబ్బంది అదొక్కటే.

ఉద్యోగంలో ఉన్నన్నాళ్లు నేను సినిమా మెషిన్లు బాగుచేసే మెకానిక్‌ని. కర్నూలులో మా కంపెనీకి ఒక సర్వీసు ఆఫీసు ఉండేది. ఆఫీసంటే ఒక గది, ఒక ఫ్యాను, దాని కింద ఒక మేనేజరు. ఆయనకు మెషిన్‌లో రీలు ఎటునుంచి ఎటు పోతుందో తెలియదు గానీ, నేను ఏ బస్సులో పోయి ఏ బస్సులో వచ్చానో మాత్రం బాగా తెలుసు. అటు నందికొట్కూరు నుంచి ఇటు వేంపల్లె దాకా హాళ్లన్నీ నా నెత్తిన ఉండేవి. నేను చదివింది ఐటీఐ. అయినా హాళ్లలో అందరూ "ఇంజనీరు సార్" అనేవాళ్లు. కాదని మొదట్లో చెప్పి చూశాను. తర్వాత ఎండకు ఓపిక లేక ఊరుకున్నాను.

ఇప్పుడు రీళ్లు పోయాయి. మెషిన్లు పాత ఇనుప సామాను కొట్లకు తూకానికి పోయాయి. మేనేజరు కూడా పోయాడు, పాపం. లెన్సులు మాత్రం మిగిలాయి. వాటికి ఇప్పుడు పట్టిన యోగం చూస్తే నాకు నవ్వాలో ఏడవాలో తెలియదు. ఈ కాలం పిల్లలు వాటిని తెచ్చి కెమెరాలకు బిగిస్తున్నారు. మధ్యలో పెళ్లికూతురు స్పష్టంగా రావాలట, చుట్టూ ఉన్న బంధువులంతా సుడిలో పడి తిరుగుతున్నట్టు మసగ్గా రావాలట. బంధువుల విషయంలో వాళ్ల ఉద్దేశం నాకు అర్థమైంది గానీ, మా కాలంలో తెర అంచున అంత మసక వస్తే పక్క సీట్ల వాళ్లు ఈలలు వేసి, కుర్చీలు విరగ్గొట్టి, ఆపరేటరు తల్లిదండ్రులను పేరుపేరునా తలుచుకునేవాళ్లు. ఆ మసక పోగొట్టడానికి మెషిన్ల ముందు వంగి వంగి నా నడుము పోయింది. ఇప్పుడు ఆ మసకకే గిరాకీ.

లెన్సును గుర్తుపట్టడం బ్రహ్మవిద్య ఏమీ కాదు. ముందు అంచున ఉంగరంలా ఉన్నచోట చేసినవాడి పేరు, పక్కన ఒక అంకె చెక్కి ఉంటాయి. అవి చదవగలిగితే నాతో పనిలేదు. పేరు పోయినప్పుడే నేను కావాలి. బరువు చూస్తాను. గాజు మీద పడిన వెలుతురు ఏ రంగులో తిరిగొస్తుందో చూస్తాను. కిటికీకి ఎదురుగా పట్టుకుని, వెనక గోడ మీద కిటికీ బొమ్మ పడేట్టు చేసి, ఊచలు నిటారుగా ఉన్నాయా, అంచుల్లో వంగాయా చూస్తాను. ఇంకొకటి. కోస్తా నుంచి వచ్చిన లెన్సులకు లోపల బూజు పడుతుంది, మనవైపు వాటికి పడదు. గాలిలో తడి ఉంటే కదా బూజు పట్టేది. వానలు పడక మన చెనిక్కాయ చేలు ఎండిపోతే పోయాయి, లెన్సులు మాత్రం చల్లగా ఉన్నాయి. మన కరువును ఇన్నేళ్లకు ఒకరు మెచ్చుకోవడం నేను చూశాను, అతనూ లెన్సులు కొనడానికి వచ్చిన ఒక బెంగళూరు కుర్రవాడు.

అన్ని హాళ్లలోనూ లెన్సుకు మర్యాద జరిగిందని అనుకోకండి. నందికొట్కూరులో ఒక ఓనరు మంచి జపాను లెన్సుతో పొలం కాగితాల్లో సన్న అక్షరాలు చదువుకునేవాడు. వేంపల్లెలో ఒక వాచ్‌మన్ దాన్ని ఎండకు పట్టి బీడీ ముట్టించుకునేవాడు. "ఇది శానా మంచిది సార్, చిటికెలో అంటుకుంటాది" అని నాకు సర్టిఫికెట్ ఇచ్చాడు. నిజంగానే అది మంచి లెన్సు. నా పరీక్షల కంటే అతని పరీక్షే తేలిక.

చెప్పవలసింది మాత్రం మైదుకూరు లెన్సు సంగతి.

మైదుకూరులో నాలుగు రోడ్ల కూడలికి కొంచెం ఎడంగా ఒక హాలు ఉండేది. ఓనరు పసుపు వ్యాపారి. ఊరంతా సావుకారి అనేవాళ్లు. ఆయన చేతిలోంచి వచ్చిన నోటుకు కూడా పసుపు వాసన ఉండేది. ఆయన ఒకసారి మద్రాసు పోయి మెషిన్‌కు జర్మనీ లెన్సు తెచ్చాడు. తెచ్చి ఊరుకున్నాడా? హాలు గోడ మీద ఎర్రరంగుతో "జర్మనీ లెన్సు" అని రాయించాడు. జట్కాలో మైకు పట్టుకుని ఊళ్లు తిరిగేవాడు సినిమా పేరు కన్నా ముందు దాన్నే చెప్పేవాడు. "జర్మనీ లెన్సులో సూడండి, ముక్కుపుడక రాయి గూడా కనపడ్తాది!" జనం నమ్మారు. బద్వేలులో ఒకసారి చూసిన సినిమానే మళ్లీ మైదుకూరు వచ్చి చూసి, "ఆడ అంతా మబ్బుగా ఉన్నింది, ఈడ సూడు, చీర అంచు గూడా తెలుస్తాంది" అనేవాళ్లు.

జనాన్ని అనడం ఎందుకు, నేనూ నమ్మాను. తక్కిన హాళ్ల వాళ్లు బొమ్మ బాగా రావడం లేదని నన్ను సతాయిస్తే, "మైదుకూరు పోయి చూసిరండి, లెన్సంటే అట్లా ఉండాలి" అని గడ్డి పెట్టేవాణ్ని. అన్నేళ్లు ఆ హాలుకు సర్వీసుకు పోయాను గానీ ఆ లెన్సును నేను చేత్తో తాకింది లేదు. ఎందుకంటే అక్కడి ఆపరేటరు తాకనిచ్చేవాడు కాదు.

ఆ ఆపరేటరు ఒక సాయిబు. అందరికీ భాయ్. సన్నటి మనిషి, ఎంత ఎండలోనైనా చొక్కా పైగుండీ విప్పేవాడు కాదు. నేను మెట్లెక్కి మెషిన్ గదిలోకి పోయేసరికే లెన్సు ఊడదీసి, గుడ్డలో చుట్టి, పెట్టెలో పెట్టి మూత వేసి ఉండేవాడు. "లెన్సు నేను సూసుకుంటా సార్, మీరు మెషీన్ సూడండి" అనేవాడు. "ఒక్కసారి చూపించవయ్యా" అంటే, "సూస్తానే ఉన్నారు గదా సార్, తెర మీద" అనేవాడు. మంచి వంటవాళ్లు మసాలా సంగతి చెప్పరు కదా, ఇదీ అలాంటి బింకమే అనుకుని ఊరుకునేవాణ్ని. ఎవరి పనిలో వాళ్లకు ఆ మాత్రం పొగరు ఉండాలి.

దసరాకు ఆయుధ పూజ అన్ని హాళ్లలోనూ చేసేవాళ్లు. మెషిన్ కడిగి, విభూతి పట్టెలు పెట్టి, పూలదండ వేసి, టెంకాయ కొట్టేవాళ్లు. మైదుకూరులో పూజ సావుకారిది, తోముడు భాయ్‌ది. సావుకారి ఇంటినుంచి చింతపండు, సావుకారమ్మ పాత నూలు చీర ముక్కలు తెప్పించుకుని, మెషిన్‌కున్న ఇత్తడి అంతా తళతళలాడేట్టు తోమేవాడు. అన్నిటికంటే ఎక్కువ సేపు తోమేది లెన్సునే. ఒక దసరాకు మా మేనేజరు వచ్చి దూరం నుంచి ఆ మెరుపు చూసి, "జర్మనీ వాళ్ల ఇత్తడే వేరు" అని నాకు వివరించాడు. నేను తలూపాను.

కాలం గడిచింది. నేను రిటైరయ్యాను. సావుకారి పోయాడు. హాలు మూతపడింది. ఆయన కొడుకులిద్దరూ దాన్ని పెళ్లిళ్ల హాలుగా మార్చాలని మొదలుపెట్టారు. పెద్దవాడు పసుపు వ్యాపారం చూసుకుంటున్నాడు, చిన్నవాడు ప్రొద్దుటూరులో సెల్‌ఫోన్ల దుకాణం. భాయ్‌కి హాలు గేటు పక్కన టీ, సోడాల బంకు ఒకటి మిగిలింది. మెషిన్ ఆగిపోయిన రోజున సావుకారే దగ్గరుండి పెట్టించి, "ఈ గేటున్నంత కాలం ఇది నీదే భాయ్" అన్నాడట. భాయ్ బతుకు దాని మీదే.

నిరుడు ఎండాకాలంలో పెద్దకొడుకు నాకు ఫోన్ చేశాడు.

"సార్, మా నాయన తెచ్చిన జర్మనీ లెన్సు మీరు సూసినారు గదా?"

"చూడకుండా ఎట్లుంటా?" అన్నాను. నోటికి అలవాటైన మాట, వచ్చేసింది.

సంగతేమిటంటే, చిన్నవాడు ఆ లెన్సు ఫోటోను సెల్‌లో పెడితే బెంగళూరు నుంచి ఒక కెమెరా కుర్రవాడు ఎగిరి గంతేసి వచ్చాడు. వచ్చి చూస్తే లెన్సు మీద పేరు లేదు. పేరు లేని దాన్ని జర్మనీదని ఎట్లా నమ్మేది, తెలిసిన పెద్దమనిషి ఎవరిచేతనైనా చెప్పించండి అని వెళ్లిపోయాడు. ఆ పెద్దమనిషిని నేను. సంతోషించాను, దాచుకోవడం ఎందుకు? రిటైరైన మనిషిని రమ్మని పిలిచేవాళ్లు ఎవరుంటారు? ఇస్త్రీ చొక్కా వేసుకుని బస్సెక్కాను.

మైదుకూరులో దిగి గేటు దగ్గరకు పోతే బంకులో భాయ్ కనపడ్డాడు. గడ్డం తెల్లబడింది. పైగుండీ మాత్రం పెట్టే ఉంది. టీ ఇచ్చాడు. నేను పాత కబుర్లు మొదలుపెట్టాను గానీ అతను అందుకోలేదు.

"ఏమప్పా, ఒంట్లో బాగలేదా?" అన్నాను.

"వాళ్లు నన్ను దొంగంటాండారు సార్." గ్లాసు కడుగుతూ, నావైపు చూడకుండా అన్నాడు. "జర్మనీది అమ్ముకోని, దాని తావులో ఇంగోటి పెట్టినానంట. పిల్లోళ్లప్పుడు మెషీన్ రూములో నా ఒళ్లో కూచోని సినిమా సూసినోళ్లు సార్, మామా మామా అని. బజార్లో అందరికీ తెలిసిపాయ. మొన్న నమాజుకు పోతే నా పక్కన కూచునేటోడు గూడా అడిగినాడు, నిజమేనా అని."

"నువ్వు మార్చలేదు కదా?"

"సావుకారి తెచ్చి నా చేతికిచ్చిందే మెషీన్లో ఉండాది. అల్లా సాక్షి."

"ఇంకెందుకు భయం? నేను వచ్చినా కదా, చూసి చెప్తా. లెన్సే చెప్తుంది."

"అదే భయం సార్" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. పెద్దవాడైపోయాడు, బెంగపడ్డాడు అనుకున్నాను. భుజం తట్టి, "నేనున్నా కదా" అని సినిమాల్లో పెద్దమనుషుల లాగా చెప్పి లోపలికి నడిచాను.

హాలు వెనకనే వాళ్ల ఇల్లు. నడవలో బల్ల మీద తుండు పరిచి, దాని మీద లెన్సు పెట్టి, అన్నదమ్ములిద్దరూ చెరొక వైపు కూర్చున్నారు. లోపలి గడప దగ్గర పీట వేసుకుని సావుకారమ్మ చెనిక్కాయలు ఒలుస్తోంది. ఆమెది ఆదోని. నన్ను చూసి, "బాగుండావా నాయినా?" అని మళ్లీ కాయలు ఒలుచుకుంది. భాయ్‌ని కూడా పిలిపించారు. అతను లోపలికి రాకుండా వాకిలి దగ్గరే నిలబడ్డాడు.

నేను బల్ల ముందు కూర్చుని కళ్లద్దాలు తుడుచుకున్నాను. జేబురుమాలు పరిచాను. తూకం చూశాను. కిటికీకి ఎదురుగా పట్టి గోడ మీద బొమ్మ వేశాను. అన్నదమ్ములు నోరు తెరిచి చూస్తున్నారు. ఇంతమంది నన్ను ఇంత శ్రద్ధగా చూసి ఎన్నాళ్లైందో. అందుకని ఒకసారి చేయవలసింది రెండుసార్లు చేశాను.

నిజానికి మొదటిసారికే నాకు తెలిసిపోయింది. మధ్యలో ఊచలు నిటారుగా ఉన్నాయి, అంచులకు పోయేసరికి ముసలమ్మ నడుములా వంగిపోయాయి. జర్మనీ గాజుకు పూత ఉంటుంది, వెలుతురు ఊదారంగులో తిరిగొస్తుంది. దీంట్లో నీళ్లలాగా తెల్లగా వచ్చింది. నాకే తల తిరిగిపోయింది. ఇన్నేళ్లు నేను ఊరూరా పొగిడింది దీన్నా? అక్కడ కాసేపు నోరు మూసుకుని ఉంటే ఎంత బాగుండేది. ఉండలేదు.

"ఇది జర్మనీది కాదు. మన దేశంలో చేసిందే" అన్నాను.

"సూస్తివా? నేను చెప్పలా?" అన్నాడు చిన్నవాడు అన్నతో.

అంతటితోనైనా ఆగానా? ముందు అంచు చూస్తే విచిత్రంగా కనపడింది. దాన్ని చెప్పకపోతే నా విద్య ఎందుకు?

"ఇంకో సంగతి చూడండి" అని లెన్సును వాళ్ల ముందుకు తిప్పాను. "తక్కిన ఇత్తడంతా సమానంగా అరిగింది. పేరు ఉండవలసిన చోట మాత్రం వేలు పెడితే గుంట తెలుస్తుంది. పక్కనున్న అంకె అట్లే ఉంది. అంటే, ఎవరో పనిగట్టుకుని పేరునొక్కదాన్నే తోమి తోమి అరగదీసినారు."

ఎంత బాగా పట్టుకున్నానో అని నాలో నేనే మురిసిపోతూ తలెత్తాను. అన్నదమ్ములిద్దరూ నన్ను చూడటం లేదు. వాకిలి వైపు చూస్తున్నారు. అప్పుడు తెలిసింది నాకు నేను చేసిన పని.

"ఏం మామా?" అన్నాడు పెద్దవాడు. "నువ్వేనా తోమింది?"

"నేనే" అన్నాడు భాయ్.

"ఎందుకు?"

"ఆయుధ పూజకు తోమాల గదప్పా."

"పూజకైతే అంతా తోమాల. పేరొక్కటే ఎందుకు తోమితివి?"

గోడ మీద సావుకారి ఫోటో ఉంది. భాయ్ ఒకసారి దానివైపు చూసి తల దించుకున్నాడు.

నేను అందుకుని, "ఇత్తడి మెత్తనిది నాయనా, చింతపండుకు తొందరగా అరుగుతుంది. ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ... ఇది కూడా ఆ రోజుల్లో చెడ్డ లెన్సేమీ కాదు" అని ఏదేదో అన్నాను. ఎవరూ వినలేదు. తెలిసినవాడి మాటను జనం ఒక్కసారే వింటారు, అదీ చెడగొట్టే మాటైతేనే.

"జర్మనీది యాడ అమ్మినావో మాకొద్దులే మామా" అన్నాడు పెద్దవాడు. "మా నాయన మొగం సూసి స్టేషనుకు పోకుండా ఉండా. పనోళ్లు వచ్చి గేటు తీసేలోపల నీ బంకు తీసెయ్. అంతే."

భాయ్ సరేనన్నట్టు తలూపాడు. అది నేను ఈ జన్మలో మరిచిపోలేను. కాదనలేదు, కోప్పడలేదు. పైగుండీ ఒకసారి తడుముకుని, వెనక్కి తిరిగాడు.

"భాయ్, నిలబడు."

సావుకారమ్మ. చేట పక్కన పెట్టి, పొట్టు దులుపుకుని లేచింది. మోకాళ్ల నొప్పులేమో, గోడ పట్టుకుని మెల్లగా బల్ల దగ్గరకు వచ్చింది.

"మీకు జర్మనీ లెన్సు కావాల్నా?" అంది కొడుకులతో. "ఇట్ల రాండి, సూపిస్తా."

తలమీద కొంగు వెనక్కి తోసి, తల పక్కకు వంచింది. చెవికి రవ్వల కమ్మ ఉంది. పాతకాలపు పనితనం, కిటికీ వెలుతురు పడి ధగధగా మెరిసింది.

"ఇదొగటి" అంది. "ఆ చెవికి ఇంగొగటి."

ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. చిన్నవాడే ముందు తేరుకున్నాడు. "అవి మీ పుట్టింటోళ్లు పెట్టినవి గదమ్మా? ఆదోనివి గదా?"

"ఆదోనివి ఈ హాలు రేకులకు పాయరా. 'హాలు లేస్తే అన్నీ వస్తాయిలే, కోడలికి ఇప్పుడు కమ్మలెందుకు' అని మీ జేజి నా చెవులనించి తీసిచ్చింది. చెవుల బొందలు పూడిపోకుండా వ్యాపపుల్లలు పెట్టుకోని తిరిగినా నేను. పెండ్లిండ్లకు పోతే కొంగు కప్పుకోని మూలన కూచుంటాంటి. మీ నాయన సూస్తాండె, ఏమీ అనకపోతాండె. తర్వాత హాలు బాగా ఆడె. లెన్సు తెస్తానని దుడ్లు తీసుకోని మద్రాసు పాయ. ఆడ ఏం పుట్టెనో ఏమో బుద్ధి, జర్మనీది ఇడిసిపెట్టి ఈడిది తెచ్చినాడు. మిగిలిన దుడ్లకు ఇవి తెచ్చినాడు." చెవులు ముట్టుకుంది. "ఒగే సంచిలో రెండబద్ధాలు తెచ్చినాడు మీ నాయన. ఒగటి మెషీన్లో పెట్టినాడు, ఒగటి నా చెవులకు పెట్టినాడు. మీ జేజికి తెలిస్తే ఇల్లు పీకి పందిరేస్తాదని, పుట్టింటోళ్లు పెట్టినారని చెప్పమన్యాడు. చెప్పినా. ఇంతవరకు అదే చెప్తాండా."

ఆమె భాయ్ వైపు తిరిగింది.

"నీకు తెలుసునా అప్పా?"

"కమ్మల సంగతి నాకు తెలీదమ్మా" అన్నాడు భాయ్. "పెట్టె నా ముందరే ఇప్పినాడు. పేరు సూస్తే, మా పాత లెన్సు మీదుండే పేరే. నేను తలెత్తితి. సావుకారి నన్నే సూస్తాండాడు. 'జర్మనీది భాయ్' అన్నాడు. 'జర్మనీదే సావుకారీ' అంటి. అంతేనమ్మా. మల్ల ఎప్పుడూ ఆ మాట రాలా మా ఇద్దరి మద్దెన."

"ఆ దసరాకేనా, మామూలు కంటే ఎక్కువ చింతపండు పంపించమని కబురు పెట్టింది?"

"అవునమ్మా."

"నా నూలు చీరలన్నీ దానికే పాయ గదప్పా!" అంది ఆమె. అని నవ్వింది. నవ్వుతూనే కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

పెద్దవాడు లేచి వాకిలి దగ్గరకు పోయాడు. "ముందే చెప్పింటే అయిపోతాండె గదా మామా. ఇన్ని మాటలు పడితివి."

"ఏం చెప్పాల నాయినా? మీ నాయన అబద్ధం చెప్పినాడనా? ఆయన జర్మనీ అన్నాడు. నాకు జర్మనీదే. ఇప్పుడు గూడా."

ఎదురుగా అంత రుజువు పెట్టుకుని, అంత తెలిసిన నేను కూర్చుని ఉండగా, ఆ మనిషి ఇంకా జర్మనీదే అంటున్నాడు. నా దగ్గరున్న మాటలు మాత్రం అంతకుముందే అయిపోయాయి.

చిన్నవాడి సంగతి కూడా చెప్పాలి. వాడి చూపు లెన్సు మీద నుంచి లేచి తల్లి చెవుల మీద వాలింది, ఇక అక్కడి నుంచి కదల్లేదు. "సార్, ఇట్లాంటివి ఎవరు సూసి చెప్తారో..." అని నా చెవిలో మొదలుపెట్టాడు.

"ఏందిరా గొణుగుతాండావు?" అంది సావుకారమ్మ. "వీటికి నేను పోయినాక యిలువ కట్టుకోండి. అంతదాంక నోరు మూసుకోని ఉండు." కొంగు మళ్లీ తలమీదికి లాక్కుని, బల్ల మీది లెన్సు తీసి భాయ్ చేతిలో పెట్టింది. "తీసకపో అప్పా. మా ఇంట్లో దీన్ని తోమేటోళ్లు ఎవురూ లేరు."

బంకు సంగతి మళ్లీ ఎవరూ ఎత్తలేదు. పెద్దవాడే ఆ సాయంత్రం పోయి అక్కడ నిలబడి, బజారంతా చూస్తుండగా, మామ చేతి టీ తాగాడు. వచ్చేపోయేవాళ్లను ఆపి తనే చెప్పాడు, లెన్సు పోలేదు, మేమే తప్పు చూసినాం అని. అమ్మ కమ్మల మాట మాత్రం ఎత్తలేదు. పసుపు వ్యాపారి కొడుకు కదా, ఏది చెప్పాలో ఏది మింగాలో తెలుసు.

బెంగళూరు కుర్రవాడికి నేనే ఫోన్ చేసి చెప్పాను, బాబూ, అది జర్మనీది కాదు, ఇక్కడిదే అని. నిరాశ పడతాడనుకున్నాను. "అంచుల్లో మసక వస్తుందా అంకుల్?" అన్నాడు. "సిగ్గుచేటు, బోలెడంత" అన్నాను. "అయితే నాకు అదే కావాలి, జర్మనీవి మరీ శుభ్రంగా ఉంటాయి" అన్నాడు! జీవితమంతా నేర్చుకున్న విద్యను నెత్తిన పెట్టుకుని ఎక్కడికి పోవాలో మీరే చెప్పండి. అది ఇచ్చేశారు, లేదు అని ఫోన్ పెట్టేశాను.

ఆ బొమ్మ అంత బాగా ఎట్లా వచ్చేదో మాత్రం నాకు ఇప్పటికీ పూర్తిగా తెలియదు. ఆ లెన్సుతో అట్లాంటి బొమ్మ రాకూడదు. భాయ్‌ని అడిగితే, "జర్మనీ అని గోడ మీద రాసినాక బాగ రాకపోతే ఎట్ల సార్?" అన్నాడు. ఆటకు ముందు తెర మీద బొమ్మ ఎట్లా పడుతుందో చూసుకునేవాడట, ఆట మొదలైనాక మెషిన్ పక్కనుంచి కదిలేవాడు కాదట, బొమ్మ కాస్త చెదిరితే చేత్తో సర్దుతూనే ఉండేవాడట. తక్కిన హాళ్ల ఆపరేటర్లు ఆ సమయంలో కిందికి దిగి పకోడీలు తినేవాళ్లు.

మొన్న దసరాకు కడప పోతూ మైదుకూరులో దిగాను. హాలుకు కొత్త రంగులు వేశారు, లోపల ఎవరిదో నిశ్చితార్థం భోజనాలు జరుగుతున్నాయి. గేటు కొత్తది పెట్టారు. పక్కన బంకు పాతదే. బంకులో సోడా సీసాల నడుమ, చిన్న చెక్క మీద, బంతిపువ్వు పెట్టి ఉంది లెన్సు. అప్పుడే తోమినట్టుంది, ఇంకా తడి ఆరలేదు. పక్కన గిన్నెలో చింతపండు పిప్పి, ఒక నూలుగుడ్డ ఉన్నాయి. ఆ గుడ్డ ఎవరింటి నుంచి వచ్చిందో నేను అడగలేదు.

"పేరు ఎప్పుడో పాయ కదా, ఇంకా ఎందుకప్పా తోముతాండావు?" అన్నాను.

"యాడన్నా ఒగ అక్షరం మిగిలిందేమోనని సార్" అన్నాడు. "మీ కండ్లు మంచియి గదా, ఒగసారి సూడండి."

ఇన్నేళ్లలో మొదటిసారి తనంతట తాను ఆ లెన్సు నా చేతికిచ్చాడు. కళ్లద్దాలు తుడుచుకుని, ఎండకు పట్టి, అంచు చుట్టూ తిప్పి తిప్పి చూశాను. ఆ గుంటలో ఒక మూలన సన్నటి గీత ఒకటి కనపడింది. ఏ అక్షరం కాలో, తలకట్టో. గుడ్డ అందుకుని, చింతపండు అద్ది, ఆ గీత పోయేదాకా తోమాను.

"జర్మనీదే భాయ్" అన్నాను తిరిగిస్తూ.

ఇంకో టీ పోశాడు.